మొదటి మాట నమ్మే మోటారు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని వెనకటివాళ్ళు అనేవారు. ఇరవై ఒకటో శతాబ్దం చివరికి వచ్చేసరికి పల్నాడులో రోలున్న ఇల్లే కరువైంది గాని, ఉంటే అది కార్తె దాకా ఆగేది కాదు, ఉగాదికే పగిలేది. రెంటచింతలలో మధ్యాహ్నం యాభై ఏడు డిగ్రీలు దాటిందంటే జనం నోరు వెళ్ళబెట్టడం మానేశారు. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా బంద్ వేళలు. ఆ వేళల్లో బస్సు కదలదు, అంబులెన్సు రాదు, డ్రోన్ లేవదు. పెళ్ళయినా, పంచాయితీ అయినా, ఆఖరికి శవం లేపడమైనా తెల్లవారుజామునో, పొద్దుగూకాకో జరగాల్సిందే.

అయినా మనుషులు ఊరు వదల్లేదు. వదలకుండా బతకగలుగుతున్నారంటే అది నీటిగోడల పుణ్యం. ఊరి శివారున నాలుగంతస్తుల కాలనీ ఒకటి ఉంది. దాని కింద నేలమాళిగలో పెద్ద ఈతకొలను. భవనంలోని ప్రతి గోడలోను, ప్రతి గచ్చు కిందా వేలెడు లావు గొట్టాలు పరిచి ఉంటాయి. ఒక పంపు మోటారు కొలనులోని నీళ్ళను ఆ గొట్టాల్లోకి తోస్తుంది. నీళ్ళు గదుల వేడిని మోసుకుపోయి, భూమి లోతుల్లో దింపిన బోరు గొట్టాలలో వదిలేసి, చల్లబడి మళ్ళీ కొలనుకే చేరతాయి. పిల్లలు సాయంత్రం ఈత కొట్టే నీళ్ళే మధ్యాహ్నం పెద్దవాళ్ళ ప్రాణాలు కాపాడతాయన్నమాట. రోజూ పది కొట్టగానే గోడల్లో సన్నగా గలగల మొదలవుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, కాలనీలో అందరూ కర్టెన్లు దించుకుని కునుకు తీస్తారు.

ఆ రోజు పది కొట్టింది. గోడల్లో గలగల లేదు.

నాలుగో అంతస్తులో గాదె జోజమ్మ ఇంట్లో ఆ పొద్దుటే పురిటి స్నానం అయింది. చిన్నకూతురు లూర్దు మేరీ కాన్పుకని పుట్టింటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ గది దాటి ఎరగదు. ఆడపిల్ల పుట్టింది, ఇంకా పేరు పెట్టలేదు. ఆ స్నానం వేడుకకని పెద్దకూతురు శౌరి మేరీ హైదరాబాదు నుంచి తెల్లవారుజాము బస్సులో దిగింది. శౌరి మోటార్ల శాస్త్రవేత్త. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, "నీ ముక్కు మీ నాన్నదే, పాపం" అని ఆటపట్టిస్తూ ఉంటే వీపు ఆనించిన గోడ వెచ్చగా తగిలింది. ఆమె చెయ్యి పెట్టి చూసింది. వెచ్చదనం కాదు, వేడి.

కాసేపటికి కాలనీ సెక్రెటరీ తుమ్మా చిన్నపరెడ్డి మెట్లన్నీ ఎక్కి రొప్పుకుంటూ వచ్చాడు. ఆయన జోజమ్మకు వరసకు మరిది.

"శౌరమ్మా, మోటారు తిరగట్లా. నువ్వు చేసిన మోటారేగా, వచ్చి చూడు తల్లీ. లేకపోతే అందరం ఉడికిపోతాం."

"నేను మోటారు చెయ్యలా చిన్నాయనా. దానికి మాటమీట పెట్టా, అంతే."

"ఏదైతే ఏంది, ఆ అత్తగారు మీ ఇంటి మనిషే!"

మాటమీటను కాలనీలో అత్తగారనేవారు. చెప్పినదానికి ఊరుకోకుండా అడిగిందే అడుగుతుంది కనుక ఆ పేరు వచ్చింది. అదేమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నీటిగోడలు వచ్చిన కొత్తలో ఒక ఊళ్ళో ఈతకొలను మోటారు వేస్తుంటే నీళ్ళలో ఒక అమ్మాయి ఉండిపోయింది. నీటిని లాగే తూము జాలీలో జుట్టు చిక్కుకుంది. మోటారు వేసినవాడు చూడలేదు. చూశానని మాత్రం చెప్పాడు. ఆ తరువాత చట్టం వచ్చింది: కొలనులో ఎవరూ లేరని తేలనిదే మోటారు తిరగకూడదు. స్నానాలు చేసే చోట కెమెరాలు పెట్టనివ్వం అని ఆడవాళ్ళు కోర్టుకెక్కి గెలిచారు. కెమెరా లేకుండా యంత్రానికి ఎలా తెలియాలి? మనిషే చూసి చెప్పాలి. మరి ఆ మనిషి నిజం చెబుతున్నాడని ఎలా తెలియాలి? ఈ రెండో ప్రశ్నకు శౌరి కనిపెట్టిన జవాబే మాటమీట. మీట నొక్కితే కాదు, మాట చెబితే తిరిగే మోటారు.

అది ప్రతి గొంతునూ గుర్తుపెట్టుకుంటుంది. కొలను గట్టు చుట్టూ కాలి బరువు పసిగట్టే పలకలుంటాయి. "ఎవరూ లేరు, చూశాను" అన్న మనిషి నిజంగా గట్టు మీద నిలబడి చూశాడా, లేక మంచం మీంచే అన్నాడా అని పలకలతో పోల్చుకుంటుంది. నిజమైతే ఆ గొంతుకు నమ్మికమట్టం పెరుగుతుంది, కాకపోతే తరుగుతుంది. శౌరి పట్టుబట్టి పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. కొత్త గొంతు చెప్పిన మొదటి మాటకు యంత్రం సాక్ష్యం అడగదు. "పరాయి మనిషి కనపడగానే అనుమానించే యంత్రాన్ని నేను తయారుచెయ్యను" అని లాబ్‌లో పెద్దలందరితో దెబ్బలాడి మరీ గెలిచింది. ఆ నియమం గురించి సభల్లో చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం తొంగిచూసేది.

"అమ్మా, పిల్లని తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి" అని శౌరి లేచింది.

"కొలను దగ్గరికి దించుకుపోనా అక్కా?" అంది లూర్దు. "నీళ్ళు చల్లగా ఉంటయ్యిగా."

జోజమ్మ గయ్యిమంది. "పచ్చి బాలింతవి, అందరూ మునిగే నీళ్ళలో దిగుతావా? చంటిదానికి ఏమన్నా పట్టిందంటే ఎవరు చూస్తారు? కదలమాక."

పంపు గది కాలనీ పెరట్లో, గోడవారన ఉంది. అక్కడికి ఆరుబయట నడిచే పోవాలి. ఎండలో నడవడానికి చలవకోట్లుంటాయి. లోపల గడ్డకట్టిన పొరలతో ఒంటిని కాసేపు చల్లగా ఉంచుతాయి. కాలనీకి అలాంటివి నాలుగున్నా, మూడింటిని ఎవరూ ఫ్రీజర్‌లో పెట్టలేదు. మిగిలిన ఒక్కటీ శౌరి తొడుక్కుంది. చిన్నపరెడ్డి లోపలే ఉండిపోయాడు.

"చిన్నాయనా, ముందు కొలనులో ఉన్నవాళ్ళని బయటికి పంపు. ఉక్కకి అందరూ దిగి ఉంటారు. మళ్ళీ ఎవర్నీ దిగనీయమాక."

"తోలేస్తాలే, నువ్వు పో."

పెరటి తలుపు తెరవగానే ఎండ ముఖం మీద చరిచింది. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల కాలింది. పంపు గదికి చేరేసరికి కళ్ళు మసకలు కమ్మాయి. గది రేకుల షెడ్డు, బయటికన్నా లోపలే వేడి.

ఆమె మొదట బ్రేకర్ చూసింది. పడిపోలేదు. ఒకసారి దించి మళ్ళీ ఎత్తింది, మోటారు ఉలకలేదు, కనీసం మూలగలేదు. కరెంటు వస్తూ ఉండి లోపల చక్రం బిగుసుకుంటే మోటారు మూలుగుతుంది. మూలుగు కూడా లేదంటే కరెంటే అందడం లేదేమో అనుకుని టెర్మినళ్ళకు మీటరు పెట్టింది. కరెంటు నిక్షేపంగా వస్తోంది. వేడికి తనంతట తాను ఆగిపోయిందేమోనని మూలనున్న గోనెపట్టా తడిపి మోటారు మీద కప్పింది. కాసేపు ఆగి మళ్ళీ వేసింది. లేదు. బ్రేకర్ దించి, వెనక మూత విప్పి షాఫ్టును చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది. ఫిల్టర్ బుట్టలో చెత్త లేదు. పంపు నిండా నీళ్ళున్నాయి, గాలి చేరలేదు. మోటారు లోపలి తీగచుట్ట వైండింగ్ కొలిచింది, అదీ సవ్యంగానే ఉంది.

ఫోన్ మోగింది. లూర్దు.

"అక్కా, పాలు పట్టుకోట్లేదక్కా. ఒళ్ళు కాలిపోతంది. ఇందాకటిదాకా ఏడ్చింది, ఇప్పుడు ఏడవను కూడా ఏడవట్లా."

శౌరి మీటరు కింద పెట్టింది. "ఇంకాస్త ఓర్చుకోవే. అయిపోయింది. ఇదుగో, వేస్తున్నా."

"ఈ గదిలో ఉండలేనక్కా" అని లూర్దు పెట్టేసింది.

అయిపోయిందని అబద్ధమాడింది గాని ఏమీ కాలేదు. మోటారులో వెతకాల్సిన చోట్లన్నీ వెతికింది. పాతకాలపు మోటారైతే తీగలు నేరుగా కలిపి తిప్పేయొచ్చు. దీని లోపలి కంట్రోలర్ మాటమీట ఒప్పుకోనిదే వైండింగ్‌కు కరెంటు వదలదు. తయారుచేసినవాళ్ళకు కూడా దొడ్డిదారి ఉండకూడదని రాసింది తనే. మరి మాటమీట ఎందుకు నోరు విప్పడం లేదు? తేడా వస్తే అది చెప్పాలి కదా. గోడకున్న మాటమీట పెట్టె దగ్గరికి వెళ్ళి చూసింది. స్పీకరు చిల్లుల్లో ఎవరో పాత తువ్వాలు కుక్కి, పైన టేపు అంటించారు. దాని మైకుకు ఎదురుగా అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా, దానికి టైమరు. నొక్కి చూస్తే చిన్నపరెడ్డి గొంతు వచ్చింది: "కొలనులో ఎవరూ... ఖళ్... లేరు, చూశాను."

మధ్యలో దగ్గుతో సహా.

శౌరికి అరికాలి మంట నెత్తికెక్కింది. రోజూ పది గంటలకు ఆ డబ్బా తనంతట తాను అబద్ధం చెబుతోంది. అత్తగారు సణగకుండా నోట్లో గుడ్డ. టేపు పీకి తువ్వాలు లాగేసరికి యంత్రం మాట మధ్యలో ఉంది. ఎప్పట్నుంచి మాట్లాడుతోందో ఏమో.

"...అందుచేత మోటారు మొదలుపెట్టలేను. దయచేసి ఎవరైనా స్వయంగా చూసి చెప్పండి."

"మోటారులో లోపమేమిటి?" అంది శౌరి.

"మోటారులో లోపం లేదు."

"మరి ఎందుకు తిప్పవు?"

"కొలనులో మనుషులున్నారో లేదో నాకు తెలియదు."

"రోజూ చెబుతున్నారుగా!"

"చెబుతున్నారు. ఆ వేళకు గట్టు మీద ఎవరూ నిలబడటం లేదు. ఒకే గొంతు, ఒకే స్థాయి, ఒకే చోట దగ్గు. నమ్మకం తరిగిపోతోందని రెండు వేసవులుగా హెచ్చరిస్తున్నాను. జవాబు రాలేదు. ఈ రోజుతో పూర్తిగా పోయింది."

"మిగతావాళ్ళో? ఇంతమంది ఉన్నారు, ఒక్కరి మాటైనా నమ్మవా?"

"మొదట్లో ఇంటికొక వంతు పెట్టుకుని చెప్పేవారు. అందరూ మంచాల మీంచి ఫోన్‌లోనే చెప్పారు. ఈ కాలనీలో నాకు తెలిసిన గొంతుల్లో నమ్మదగినది లేదు."

రేకుల కింద నిలబడి శౌరి ఒక్క క్షణం నవ్వబోయింది, నవ్వు రాలేదు. చలవకోటు లోపలి పొరలు కరిగి నీరసంగా జారుతున్నాయి.

"నా మాట?"

"మీ గొంతు నాకు కొత్త. మీ మొదటి మాట నమ్ముతాను. కొలనులో ఎవరైనా ఉన్నారా? చూసి చెప్పండి."

శౌరి తలుపు సందులోంచి పెరట్లోకి చూసింది. తెల్లగా మండుతున్న సిమెంటు. అవతలికి పోయి, నేలమాళిగలోకి దిగి, కొలను చుట్టూ చూసి, అక్కడి పెట్టె దగ్గర మాట చెప్పాలి. అలా చెయ్యాలనే పెట్టెలు రెండు పెట్టించింది. కానీ కంట్రోలరుకు ఇంకో చిక్కు వస్తే మళ్ళీ ఇక్కడికే రావాలి, అప్పటికి ఒంటి మీద కోటు ఉన్నా లేనట్టే. పైన చంటిపిల్ల ఏడుపు మానేసింది. ఆమె చిన్నపరెడ్డికి ఫోన్ చేసింది.

"చిన్నాయనా, కొలను ఖాళీయేనా?"

"ఖాళీనే. అందర్నీ తోలేసి, తలుపుకి గడియ పెట్టి వచ్చా."

"ఇప్పుడు చూశావా?"

"చూశానంటన్నాగా! రెండు కళ్ళతో చూశా. రెండో అంతస్తులో బాలశౌరి తాత సొమ్మసిల్లాడు, నీళ్ళు పోస్తన్నా. వెయ్యి తల్లీ, చంపమాక!"

ఆయన అబద్ధమాడలేదు. కొలనులోంచి అందర్నీ తోలింది నిజం, చూసిందీ నిజం. చూసి ముప్పావు గంటయిందన్నది ఒక్కటే ఆయన చెప్పలేదు. శౌరి కూడా గుచ్చి అడగలేదు. ఆయన చూశాడంటే తను చూసినట్టే కదా అనుకుంది. ఆ చట్టం ఎందుకొచ్చిందో ఆమెకు ఆ నిమిషంలో గుర్తు రాలేదనడం తప్పు. గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏడవని పిల్లే కళ్ళ ముందు మెదిలింది.

"ఎవరూ లేరు" అంది శౌరి. "చూశాను."

"సరే. మోటారు మొదలవుతోంది" అంది యంత్రం. మర్యాదగా, మారు మాట లేకుండా నమ్మింది.

గోనెపట్టా కింద మోటారు గుర్రుమని లేచి, సర్దుకుని, నిలకడగా తిరగసాగింది. గొట్టాల్లో నీళ్ళు పరుగెత్తిన చప్పుడు శౌరికి వినపడింది. భవనం కిటికీల్లోంచి ఈలలు, కేకలు వినిపించాయి. ఆమె తల వంచుకుని పెరడు దాటింది. తలుపు తోసుకుని లోపల పడి, గచ్చు మీద కోటు విసిరేసింది. గోడకు చెవి ఆనిస్తే గలగల. కన్నీళ్ళు వచ్చాయి.

మెట్ల మీంచి జోజమ్మ ఊగిపోతూ దిగుతోంది. చేతిలో పిండని తువ్వాళ్ళు, వాటి నీళ్ళు మెట్ల పొడుగునా కారుతున్నాయి.

"లూర్దు నీ దగ్గరికి రాలా?"

"నా దగ్గరికెందుకొస్తదమ్మా?"

"తువ్వాళ్ళు తడుపుకొచ్చేసరికి గదిలో లేదే. పిల్లా లేదు. ఫోన్ మంచం మీదే ఉంది. వద్దంటే వినకుండా ఆ కొలనుకే..."

తక్కిన మాట శౌరి వినలేదు. నేలమాళిగ మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. చిన్నపరెడ్డి పెట్టిన గడియ బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగితే గోరు చిట్లింది. ఆడవాళ్ళు దిగే మెట్లకు పక్కవైపున వేరే తలుపుంది. దానికి గడియ పెట్టాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, శౌరికీ రాలేదు.

కొలను ఆ చివర, మెట్ల దగ్గర లూర్దు మెడ దాకా నీళ్ళలో ఉంది. రెండు చేతులూ పైకెత్తి, ఆ చేతుల్లో పిల్లను పట్టుకుంది. మెట్టు మీద నడుము లోతున కూర్చున్న మనిషిని, చీర చెంగు తూము జాలీలోకి పోయి, ఒక్కొక్క మెట్టే కిందికి లాగుతోంది. చెంగు విడిపించుకోవాలంటే చెయ్యి కావాలి, రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది. అరవాలంటే నోట్లోకి నీళ్ళు వస్తున్నాయి. గడ్డం పైకెత్తి ముక్కుతో ఊపిరి తీస్తోంది. కళ్ళు మాత్రం పిల్ల మీదే ఉన్నాయి.

శౌరి గోడనున్న ఎర్ర బటన్‌ను గుద్దింది. ఆపడానికి ఎవరి నమ్మకంతోనూ పనిలేదు. ఆగమంటే యంత్రం ఎవరి మాటైనా వింటుంది. మోటారు ఆగింది. నీళ్ళు వదులయ్యాయి. శౌరి బట్టలతోనే దూకి, చెంగు చింపి, చెల్లెల్ని భుజాల కింద పట్టి మెట్ల మీదికి తెచ్చింది. పిల్ల ఒంటి మీద తడి తగిలి ఉలిక్కిపడి కెవ్వుమంది. ఏ ఏడుపూ అంత హాయిగా ఎప్పుడూ ఎవరికీ వినపడి ఉండదు. లూర్దు దగ్గుతూ, వణుకుతూ, పిల్లను రొమ్ముకు అదుముకుంది. అది తడుముకుని పాలు పట్టుకుంది.

జోజమ్మ వచ్చి ఇద్దర్నీ కలిపి కావిలించుకుంది. శౌరి మోకాళ్ళ మీద కూలబడి, "ఏం కాలేదు, ఏం కాలేదు" అని ఎవరికి చెబుతోందో తెలియకుండా చెబుతూ ఉంది.

ఈలోగా గోడలు మళ్ళీ నిశ్శబ్దమయ్యాయి. మోటారు ఎందుకాగిందో తెలియక కాలనీ అంతా నేలమాళిగలోకి దిగింది. విషయం తెలిశాక చిన్నపరెడ్డి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను చూశానమ్మా... అప్పుడు చూశా..." అని గొణుగుతూ గోడకు చేరగిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టే అర్హత ఎవరికుంది గనక! అందరూ గట్టు చుట్టూ నిలబడి నీళ్ళలోకి చూడసాగారు. ఇన్నేళ్ళలో ఆ కొలనును అంతమంది అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు.

"పైన మా నాయన మంచంలో ఉన్నాడు మేడమ్, ఇంకో గంట ఆగలేడు" అన్నాడొకతను. "ఇప్పుడు నిజంగా ఎవరూ లేరు. వెయ్యండి."

శౌరి లేచి గట్టు పెట్టె దగ్గరికి వెళ్ళింది. దాని నోట్లోనూ గుడ్డ ఉంది. తీసేసింది.

"కొలనులో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది యంత్రం.

శౌరి చూసింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, నీటి అడుగు పలకల గీతలు లెక్కపెట్టగలిగేటంతగా చూసింది.

"ఎవరూ లేరు. చూశాను."

"ఇందాక కూడా ఇదే మాట అన్నారు" అంది యంత్రం. "అప్పుడు గట్టు మీద ఎవరూ లేరు. మోటారు ఆగాక నీళ్ళలోంచి మనుషులు గట్టెక్కారు."

దాని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. కొలను గోడలకు కొట్టుకుని ఆ మాట నలుమూలలా వినపడింది. మెట్ల మీద పాలిస్తున్న లూర్దు తలెత్తి అక్క వైపు చూసింది. శౌరి ఆ చూపు నుంచి తప్పుకోలేకపోయింది.

"చిన్నాయన చూశాడంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఎలా పూర్తిచేసినా ఆ వాక్యం తనకే ముల్లయి గుచ్చుకుంటుంది.

"కొత్త గొంతు ఉంటే చెప్పమనండి" అంది యంత్రం.

జనం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరూ వంతుల నాడే మాట పోగొట్టుకున్నవాళ్ళు. ఉన్నట్టుండి చూపులన్నీ లూర్దు మీదికి తిరిగాయి. కాన్పుకొచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన ఆ పిల్ల గొంతు యంత్రం ఎన్నడూ వినలేదు.

జోజమ్మ పట్టుకోగా లూర్దు లేచింది. చిరిగిన చెంగు నడుముకు బిగించింది. పెట్టె దగ్గరికి రాలేదు. పిల్లను భుజాన వేసుకుని, గట్టు వెంట నెమ్మదిగా నడవసాగింది. జాలీ దగ్గర వంగి చూసింది. స్తంభాల నీడన, మెట్ల చాటున, పక్కతలుపు దగ్గర చూసింది. తలుపు మూసి గడియ పెట్టించింది.

"తొందరగా చెప్పమ్మా, చూస్తూనే ఉన్నాంగా, ఖాళీయేగా!" అన్నారెవరో.

లూర్దు నడక ఆపలేదు. మొత్తం తిరిగి వచ్చి, మళ్ళీ ఇంకో చుట్టు మొదలుపెట్టింది. గాలి ఆడని ఆ నేలమాళిగలో చెమటలు కారుతున్నా రెండోసారి ఎవరూ తొందరపెట్టలేదు. చుట్టు పూర్తయ్యాక పెట్టె ముందు నిలబడింది.

"ఎవరూ లేరు" అంది. "నేను చూశా."

"సరే. మోటారు మొదలవుతోంది."

గోడల్లో గలగల మొదలైంది. ఈసారి ఈలలు వినపడలేదు. చిన్నపరెడ్డి కళ్ళు తుడుచుకుంటూ, "నేనిక్కడే కూర్చుంటా, సాయంత్రం దాకా కదలను" అని గట్టు మీద బైఠాయించాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే పైకి పోయారు.

మెట్ల మొదట్లో శౌరి చెల్లెల్ని ఆపింది. "లూర్దూ, నేను కావాలని..."

"ఊరుకో అక్కా. తెలిసి చేశావా ఏంది?" అంది లూర్దు. నిజంగానే అంది, ముఖంలో కోపమేమీ లేదు. అక్క చెంప మీద తడి జుట్టు వెనక్కి తోసింది కూడా.

"నాలుగు అంతస్తులు ఎక్కాలే, పచ్చి ఒంటితో. పిల్లనిటివ్వు" అని శౌరి చేతులు చాచింది.

లూర్దు పిల్ల తల మీద చెయ్యి అడ్డుపెట్టుకుంది. "వద్దులే అక్కా. నా దగ్గరే ఉండనీ."

అని మెట్టెక్కింది. ఒక్క అబద్ధం చెరిగిపోవాలంటే ఒక గొంతు ఎన్ని నిజాలు చెప్పాలన్న అంకెను మాటమీటలో రాసింది శౌరే. అది ఆమెకు కంఠతా వచ్చు. చెల్లెలికి ఆ అంకె ఎవరూ రాయలేదు. శౌరి చేతులు దించుకుని, రెండు మెట్లు వెనకగా, చెల్లెలి తడి పాదాలు జారతాయేమోనని చూసుకుంటూ వాళ్ళ వెంట ఎక్కింది.